రెండు ప్రాసెసర్ల కంప్యూటర్ చవకగా కొనాలనుకునే వారికి నాలుగు మాటలు

(మా కమ్యూనిటీ రేడియోలో వారాంతపు తెలుగు కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి ఇది అక్షరరూపం. చదువుకోవడానికి వీలుగా మధ్యమధ్య ఉపశీర్షికలు చేర్చాం.)



ఈ మధ్య మనవాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా ఒక బేరం గురించి వినబడుతోంది. "రెండు జియాన్ ప్రాసెసర్లు, ఇరవై ఎనిమిది కోర్లు, ఏదో కంపెనీ వాడి తీసేసిన వర్క్‌స్టేషన్. మంచి లాప్‌టాప్ ధరలో సగానికే ఇస్తున్నారు. కొనెయ్యమంటారా?" అని. నేను కన్సల్టెంటుగా పనిచేసేది సర్వర్ల మీదే కనక ఈ ప్రశ్న నా దాకా తరచుగా వస్తుంది.

అడిగేవాళ్ళు ముఖ్యంగా మూడు రకాలు. మాస్టర్స్ చేస్తూ పారలల్ ప్రోగ్రామింగో, మెషీన్ లెర్నింగో చదువుతున్న పిల్లలు ఒక రకం. ఉద్యోగం పోయో, పిల్లల పెంపకంలో కొన్నేళ్ళు విరామం వచ్చో, మళ్ళీ ఉద్యోగానికి తయారవుతూ ఇంట్లోనే సర్వర్లు పెట్టుకుని నేర్చుకుందామనుకునేవాళ్ళు రెండో రకం. పెళ్ళి వీడియోలు, త్రీడీ బొమ్మలు చేసి నాలుగు డాలర్లు సంపాదించుకునేవాళ్ళు మూడో రకం. ముగ్గురికీ ఆ డబ్బు చిన్న డబ్బు కాదు. ఒకరికి రెండు నెలల అద్దె, ఇంకొకరికి నిరుద్యోగంలో దాచుకున్న సొమ్ము. అందుకే ఇవాళ ఈ విషయం కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

ముందే ఒక్క మాట చెప్పేస్తాను. రెండో సాకెట్ ఉన్న పాత మెషీన్ కొంటే మీకు దక్కేది ముఖ్యంగా చోటు. ఎక్కువ మెమరీ పట్టే చోటు, ఎక్కువ కార్డులు పెట్టుకునే చోటు. వేగం కోసమని కొంటే చాలామందికి నిరాశే మిగులుతుంది. ఎందుకో చూద్దాం.

నాట్ల రోజు లెక్క

ముందు మాటలు తేల్చుకుందాం. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు సాకెట్. ఆ ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే విడివిడి యంత్రాలు కోర్లు. ఒక్కో కోరు ఒకేసారి రెండు పనుల వరసలను అందుకోగలిగితే వాటిని థ్రెడ్లు అంటారు. అమ్మేవాళ్ళు కొందరు థ్రెడ్లను లెక్కేసి "యాభై ఆరు కోర్లు" అని రాసేస్తారు. రెండు సాకెట్లు, ఒక్కోదానిలో పద్నాలుగు కోర్లు అంటే కోర్లు ఇరవై ఎనిమిదే. థ్రెడ్డు అదనపు కోరు కాదు, ఉన్న కోరును ఖాళీగా కూర్చోనివ్వని ఏర్పాటు.

ఇప్పుడు మన ఊళ్ళో వరి నాట్లు గుర్తు తెచ్చుకోండి. ఒక చెక్కకి నీళ్ళు పెట్టి దమ్ము చేయడానికి ఒక గంట, తర్వాత నాటడానికి ఒక్క మనిషికి తొమ్మిది గంటలు అనుకుందాం. మొత్తం పది గంటలు. ఇద్దరు నాటితే? దమ్ము గంట అలాగే ఉంటుంది, నాటు నాలుగున్నర గంటలవుతుంది. మొత్తం ఐదున్నర. అంటే రెండింతల వేగం రాలేదు, 1.8 రెట్లే వచ్చింది. పదహారు మంది దిగితే మొత్తం గంటా ముప్ఫై నాలుగు నిమిషాలు, అంటే 6.4 రెట్లు. వంద మందిని దింపినా ఆ దమ్ము గంట తగ్గదు కనక పది రెట్లు ఎప్పటికీ దాటదు. ఈ లెక్కనే 1967లో జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటర్ నిపుణుడు చెప్పారు. ఆమ్డాల్ సూత్రం అని పుస్తకాల్లో కనబడేది ఇదే.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. నాటేవాళ్ళకి నారు కట్టలు అందించాలి కదా. మోసే మనిషి ఒక్కడే అయితే, నాటేవాళ్ళు ఇరవై మంది ఉన్నా గట్టు మీద ఎదురుచూస్తూ నిలబడాల్సిందే. కంప్యూటర్లో ఆ నారు మోసే పని మెమరీది. కోర్లు ఎన్ని ఉన్నా మెమరీ నుంచి డేటా అందేంత వరకే అవి పనిచేస్తాయి.

రెండో సాకెట్ అంటే గట్టుకి అవతల ఇంకో మడి అనుకోండి. దాని పక్కన దాని నారు కట్టలు దానికి వేరుగా ఉంటాయి. ఎవరి మడిలో వాళ్ళు, ఎవరి కట్టలు వాళ్ళు వాడుకుంటే రెండు మడులూ చకచకా సాగుతాయి. ఈ మడి వాళ్ళు ఆ మడి కట్టల కోసం గట్టు దాటి పరిగెత్తడం మొదలుపెడితే సమయమంతా నడకకే పోతుంది. 2003లో ఏఎండీ ఆప్టెరాన్‌లో మెమరీ కంట్రోలరు ప్రాసెసర్ లోపలికే వచ్చింది. అప్పటినుంచి మామూలు సర్వర్లలో ఈ ఏర్పాటు స్థిరపడింది, తర్వాత ఇంటెల్ కూడా అదే దారి పట్టింది. దీన్ని నూమా అంటారు. రెండు సాకెట్లున్నా ఒక్కొక్క ప్రోగ్రామ్ ఒక్క సాకెట్‌తో సమానంగానే నడవడానికి చాలాసార్లు కారణం ఇదే.

చవక భాగాలతో పెద్ద యంత్రం

చవక భాగాలు కలిపి పెద్ద యంత్రం కట్టాలన్న ఆలోచనకి చాలా చరిత్ర ఉంది. అందులో మనవాళ్ళూ ఉన్నారు.

1970లలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పదహారు పీడీపీ-11 మినీ కంప్యూటర్లను ఒకే మెమరీకి కలిపి సీ.ఎం.ఎం.పీ అనే యంత్రాన్ని కట్టారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు ఆ రోజుల్లో అదే యూనివర్సిటీలో మనిషి మాటను కంప్యూటర్ చేత అర్థం చేయించే పరిశోధన నడుపుతున్నారు. ఆయన బృందం రాసిన హియర్‌సే లాంటి ప్రోగ్రాములకి కావలసిన శక్తి అప్పట్లో ఒక్క ప్రాసెసర్‌లో దొరికేది కాదు. పనిని ముక్కలు చేసి పంచాలన్న ఆలోచన ఆ ప్రోగ్రాముల నిర్మాణంలోనే ఉంది. రాజ్ రెడ్డి గారికి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

ఇటు హైదరాబాద్‌లో మన రక్షణ పరిశోధన సంస్థకి చెందిన అనురాగ్ ల్యాబ్ విమానాల చుట్టూ గాలి ప్రవాహం లెక్కల కోసం పేస్ అనే సమాంతర కంప్యూటర్ తయారుచేసింది. పుణేలో సీడాక్ 1991లో పరమ్ 8000 తెచ్చింది. పెద్ద సూపర్ కంప్యూటర్లు మనకి సులువుగా అమ్మని రోజుల్లో, బజారులో దొరికే ప్రాసెసర్లను గుంపుగా కలిపి పని నడిపించిన కథలివి.

1994లో మేరీలాండ్‌లోని నాసా గాడర్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ కలిసి పదహారు మామూలు 486 కంప్యూటర్లను ఈథర్‌నెట్‌తో కలిపి, లైనక్స్ వేసి, బేవుల్ఫ్ అని పేరు పెట్టారు. అదే దారిలో ప్రపంచమంతటా వేల క్లస్టర్లు వచ్చాయి.

ఇళ్ళలోకి ఈ సరదా వచ్చింది 1999లో. అబిట్ కంపెనీ బీపీ6 అని ఒక మదర్‌బోర్డు తెచ్చింది. ఇంటెల్ అధికారికంగా జంటగా వాడమని చెప్పని చవక సెలెరాన్ ప్రాసెసర్లను దాని మీద రెండు పెట్టుకోవచ్చు. అప్పట్లో కంప్యూటర్ కుర్రాళ్ళకి అదొక పండగ. తీరా ఇంట్లో ఉన్నది విండోస్ 98 అయితే రెండో ప్రాసెసర్‌ని అది పట్టించుకునేదే కాదు. ఎన్‌టీయో, లైనక్సో వేసుకోవలసిందే. హార్డ్‌వేర్ చవగ్గా దొరికినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకుంటుందని లేదు. ఆ పాఠం ఇప్పటికీ మారలేదు.

అన్నిటికంటే నాకు నచ్చే ఉదాహరణ వర్జీనియా టెక్‌ది. 2003లో ప్రొఫెసర్ శ్రీనిధి వరదరాజన్ నాయకత్వంలో 1,100 ఆపిల్ పవర్ మ్యాక్ జీ5లు, ఒక్కోదానిలో రెండు ప్రాసెసర్లు, కలిపి సిస్టమ్ ఎక్స్ అనే సూపర్ కంప్యూటర్ కట్టారు. విద్యార్థులు పిజ్జాలు తింటూ మెషీన్లు మోసి అమర్చారు. ఖర్చు సుమారు 52 లక్షల డాలర్లు. ఆ నవంబరులో ప్రపంచపు టాప్500 జాబితాలో మూడో స్థానం వచ్చింది. అప్పటి మొదటి స్థానంలో ఉన్న జపాన్ ఎర్త్ సిమ్యులేటర్ ఖర్చు వందల మిలియన్ డాలర్లు.

ఈ కథలో రెండో సగం చాలామందికి తెలియదు. ఆ జీ5లలో మెమరీ తప్పులను పట్టుకుని సరిదిద్దే ఈసీసీ లేదు. ఒక్క కంప్యూటర్లో ఎప్పుడో ఒక బిట్ తారుమారైతే మనకి తెలియను కూడా తెలియదు. వెయ్యికి పైగా మెషీన్లు రోజుల తరబడి ఒకే లెక్క చేస్తుంటే ఆ చిన్న తప్పు పెద్దదవుతుంది. అందుకని 2004లో ఆ మెషీన్లన్నీ తీసేసి ఈసీసీ మెమరీ ఉన్న ఎక్స్‌సర్వ్‌లు పెట్టారు. కొనేటప్పుడు చవక, నడిపేటప్పుడు చవక అనేవి వేరువేరు లెక్కలని ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

2005లో ఒకే ప్రాసెసర్‌లో రెండు కోర్లు పెట్టి ఇంటెల్, ఏఎండీ మామూలు డెస్క్‌టాపులకే అమ్మడం మొదలుపెట్టాయి. అక్కడితో ఆట మారింది. ఒకప్పుడు రెండు సాకెట్లుంటే గానీ రాని సౌకర్యం ఇవాళ అతి చవక లాప్‌టాప్‌లో కూడా ఉంది. కనక ప్రశ్నని ఇలా అడగాలి: ఒక సాకెట్‌లోనే పదహారు కోర్లు వస్తున్నప్పుడు రెండో సాకెట్ ఎందుకు?

పాత జంటా, కొత్త ఒంటా?

ఇప్పుడు బజారులో చవగ్గా దొరికే జంట మెషీన్లలో ఎక్కువ భాగం ఇంటెల్ జియాన్ ఈ5 మూడో, నాలుగో తరాలవి. 2014, 2016లలో వచ్చినవి. కంపెనీల లీజు గడువు తీరాక వేలకొద్దీ బయటికి వస్తాయి కనకే అంత చవక. ఉదాహరణకి ఈ5-2680 వీ4 తీసుకుందాం. పద్నాలుగు కోర్లు, గరిష్ఠ వేగం 3.3 గిగాహెర్ట్జ్, ఒక్కోటి 120 వాట్లు. దీని పక్కన 2022లో వచ్చిన ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ పెట్టండి. పదహారు కోర్లు, గరిష్ఠంగా 5.7 గిగాహెర్ట్జ్. పైగా ఒక్కో చక్రంలో చేసే పని కూడా ఎక్కువ. ఒక్క కోరు వేగంలో కొత్తది రెండింతలకు పైమాటే. మొత్తం కోర్లన్నీ కలిపి చూసినా, ఆ 28 పాత కోర్ల కంటే ఈ 16 కొత్త కోర్లే చాలా పనుల్లో ముందుంటాయి.

మరి పాత జంటకి మిగిలిన బలమేమిటి? చోటు. ఒక్కో పాత జియాన్‌కి మెమరీకి నాలుగు దారులు, మొత్తం ఎనిమిది. రైజెన్‌కి రెండే. హెచ్‌పీ జెడ్840, డెల్ ప్రెసిషన్ టీ7910 లాంటి వాటిలో మెమరీ స్లాట్లు పదహారు. గ్రాఫిక్స్ కార్డులూ, నెట్‌వర్క్ కార్డులూ పెట్టుకునే పీసీఐ లేన్లు ఒక్కో జియాన్‌కి నలభై, రెంటికీ ఎనభై. డెస్క్‌టాప్ రైజెన్‌లో మనకి మిగిలేవి ఇరవై నాలుగు. ఇరవై వర్చువల్ మెషీన్లు ఒకేసారి నడపాలి, రెండు వందల గిగాబైట్ల డేటా మొత్తం మెమరీలోనే ఉంచాలి, మూడు నాలుగు కార్డులు పెట్టాలి అనుకునేవారికి పాత జంట నిజంగా చవక. మిగతావారికి కాదు.

ఇకపోతే, ఏఐ గురించి. "ఇంట్లోనే పెద్ద భాషా మోడల్ నడుపుతాను, అందుకే కోర్లు కావాలి" అని పిల్లలు అంటున్నారు. ఒక చిన్న లెక్క చేద్దాం. మోడల్ ఒక్కో టోకెన్, అంటే మాటలో ఒక్కో ముక్క, పలకడానికి తన మొత్తం బరువుని మెమరీ నుంచి ఒకసారి చదువుకోవాలి. మోడల్ 20 గిగాబైట్లు అనుకుందాం. ఈ5 వీ4 ఒక సాకెట్ మెమరీ సెకనుకి గరిష్ఠంగా 76.8 గిగాబైట్లు అందిస్తుంది. అంటే సెకనుకి నాలుగు ముక్కలు కూడా రావు. రెండు సాకెట్లూ గట్టు దాటకుండా పనిచేశాయనుకున్నా ఎనిమిదికి లోపే. 2020లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3090 కార్డులో 24 గిగాబైట్ల మెమరీ సెకనుకి 936 గిగాబైట్లు అందిస్తుంది. అదే మోడల్‌కి పైలెక్కన నలభై ఆరు. నారు మోసేవాడి వేగమే ఇక్కడ అసలు వేగం, నాటేవాళ్ళ సంఖ్య కాదు. కనక ఏఐ కోసం అయితే ఒక ప్రాసెసర్, ఒక మంచి పాత గ్రాఫిక్స్ కార్డు అన్నది సరైన ఖర్చు.

ముందు మీ పనిని కొలవండి

కొనేముందు ఒక గంట వెచ్చించి ఈ పరీక్ష చేయండి. ఇప్పుడున్న కంప్యూటర్ మీదే మీ పనిని నడపండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, సీపీయూ గ్రాఫుని విడివిడి ప్రాసెసర్లుగా కనబడేలా మార్చండి. లైనక్స్ అయితే హెచ్‌టాప్ చాలు.

అన్ని గ్రాఫులూ పైకంటా నిండి, మెమరీ ఇంకా మిగిలి ఉంటే, మీ పని కోర్లను వాడుకుంటోంది. పెద్ద ప్రోగ్రాములు కంపైల్ చేయడం, బ్లెండర్‌లో ప్రాసెసర్ మీద బొమ్మలు రెండర్ చేయడం, వీడియోలు మార్చడం ఇలాంటివి. కోర్లు పెంచితే ప్రయోజనం ఉంది. అయినా ముందు ఒకే సాకెట్‌లో ఎక్కువ కోర్లున్న కొత్త ప్రాసెసర్ చూడండి.

ఒకే ఒక్క గ్రాఫు నిండి మిగతావన్నీ నిద్రపోతుంటే, మీ ప్రోగ్రాము ముక్కలుగా విడిపోయేది కాదు. పాత జంట మెషీన్ కొంటే ఇప్పటికంటే నెమ్మదిస్తుంది. చాలా గేములూ, ఆఫీసు పనులూ, మామూలుగా రాసిన పైథాన్ ప్రోగ్రాములూ ఈ కోవే.

గ్రాఫులు ఖాళీగా ఉండి మెమరీ నిండిపోయి డిస్కు గిలగిల్లాడుతుంటే మీకు కావలసింది మెమరీ. అది పెంచుకోవడానికి ఇప్పటి కంప్యూటర్లో స్లాటు ఉందేమో చూడండి. చాలామంది వేట ఇక్కడితో ముగుస్తుంది.

పారలల్ ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థులకి ఒక మాట. ఎంపీఐ, ఓపెన్ఎంపీ నేర్చుకోవడానికి నాలుగు కోర్ల లాప్‌టాప్ సరిపోతుంది. ప్రోగ్రాము సరిగా రాయడం దాని మీదే వస్తుంది. నిజంగా పెద్ద మెషీన్ కావలసి వస్తే ముందు మీ యూనివర్సిటీ క్లస్టరులో ఖాతా అడగండి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ సాయంతో 2022లో మొదలైన యాక్సెస్ అనే కార్యక్రమం పరిశోధనకి సూపర్ కంప్యూటర్ సమయాన్ని డబ్బు తీసుకోకుండా ఇస్తుంది. చిన్న కేటాయింపులకి గ్రాడ్యుయేట్ విద్యార్థులు కూడా తమ ప్రొఫెసర్ ఉత్తరంతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫీజు కడుతున్న పిల్లలు ఉచితంగా వచ్చేదాన్ని వదిలి సొంత డబ్బు పోసుకోవడం నాకు బాధ అనిపిస్తుంది.

కొనేటప్పుడు చూడవలసినవి

సరే, కొలిచి చూశారు, జంట మెషీనే కావాలని తేలింది. ఇప్పుడు జాగ్రత్తలు.

మొదటిది, నంబరు చదవడం. ఈ5 తర్వాత వచ్చే మొదటి అంకె ఎన్ని సాకెట్ల వరకు పనిచేస్తుందో చెబుతుంది. ఈ5-1650 ఒంటరిది, ఈ5-2680 జంటకి పనికొస్తుంది. ఏఎండీ ఎపిక్‌లో చివర పీ అక్షరం ఉంటే అది ఒక్క సాకెట్‌కే. పాత ఎపిక్‌లు కొనేవారికి ఇంకో చిక్కు: కొన్ని కంపెనీల సర్వర్లలో వాడిన ఎపిక్ ప్రాసెసర్ ఆ కంపెనీ బోర్డులకే తాళం పడిపోయి ఉంటుంది, వేరే బోర్డు మీద పనిచేయదు. అమ్మేవారిని ఈ సంగతి రాతపూర్వకంగా అడగండి.

రెండోది, మెషీన్ మోడల్. డెల్ టీ5810, హెచ్‌పీ జెడ్440, లెనోవో పీ500 ఒక సాకెట్‌వి. డెల్ టీ7810, టీ7910, హెచ్‌పీ జెడ్640, జెడ్840, లెనోవో పీ700, పీ900 రెండు సాకెట్లవి. జెడ్640లో రెండో ప్రాసెసర్ వేరే రైజర్ కార్డు మీద కూర్చుంటుంది. ఆ కార్డు లేకుండా అమ్మితే, తర్వాత విడిగా వెతికి కొనాలి. ఈ బ్రాండు మెషీన్ల మదర్‌బోర్డు, పవర్ సప్లై, హీట్‌సింక్ అన్నీ వాటి సొంత కొలతల్లో ఉంటాయి, బజారులో దొరికే మామూలువి పట్టవు. "ఇప్పుడు ఒక ప్రాసెసర్‌తో కొని తర్వాత రెండోది వేసుకుంటాను" అనుకునేవారు రెండో హీట్‌సింక్, ఫ్యాను, రైజర్ ధరలు ముందే కలుపుకోండి. రెండో ప్రాసెసర్ మొదటి దాని మోడలే అయి ఉండాలి. అది లేనంతకాలం దాని పక్కనున్న మెమరీ స్లాట్లు, కొన్ని కార్డు స్లాట్లు పనిచేయవు.

మూడోది, మెమరీ. సర్వర్ మెమరీలో రిజిస్టర్డ్ రకం వేరు, మామూలు డెస్క్‌టాప్ రకం వేరు. ఒకదాని చోట ఒకటి పనిచేయదు. 2025 చివరి నెలల నుంచి డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు బాగా ఎక్కాయి. కనక ఖాళీ మెషీన్ చవగ్గా కొని మెమరీ తర్వాత వేసుకుందామనే పాత పద్ధతి ఇప్పుడు గిట్టుబాటు కాదు. మెమరీతో సహా వచ్చే మెషీనే చూడండి. వచ్చాక రెండు ప్రాసెసర్లకీ సమానంగా పంచి పెట్టండి. ఒక పక్కనే అన్నీ పెడితే రెండో మడి వాళ్ళు రోజంతా గట్టు దాటుతూనే ఉంటారు.

నాలుగోది, విండోస్. హోమ్ ఎడిషన్ ఒక్క సాకెట్‌నే వాడుకుంటుంది, రెంటికీ ప్రో కావాలి. ఈ ఈ5 ప్రాసెసర్లు విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కనక ఈ మెషీన్ల మీద లైనక్స్ నడపడానికి సిద్ధపడితేనే కొనండి. సర్వర్లు నేర్చుకునేవారికి అది మంచిదే. ప్రాక్స్‌మాక్స్ లాంటిది వేసుకుంటే ఒక్క మెషీన్ మీదే పది సర్వర్ల ఊరు కట్టుకోవచ్చు.

ఐదోది, ఎక్కడ కొనాలి. చాలా స్టేట్ యూనివర్సిటీలకి వాడేసిన సామాను అమ్మే సర్‌ప్లస్ దుకాణాలుంటాయి. దగ్గర్లో ఉంటే వెళ్ళి, కరెంటు పెట్టి చూసి కొనుక్కోవచ్చు. ఆన్‌లైన్లో కొంటే తిరిగి తీసుకునే గడువు ఉన్న చోటే కొనండి. వచ్చిన రోజే బయోస్‌లో రెండు ప్రాసెసర్లూ, మొత్తం మెమరీ కనబడుతున్నాయో లేదో చూడండి. ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడపండి. మర్నాడు కోర్లన్నిటికీ రెండు మూడు గంటలు పూర్తి పని ఇచ్చి వేడి ఎంత వరకు వెళ్తుందో గమనించండి. సాకెట్ లోపల సన్నని పిన్నులుంటాయి, వంగి ఉంటే ఒక మెమరీ దారి కనబడకుండా పోతుంది. "ఇంజనీరింగ్ శాంపిల్" అని రాసి ఉన్న ప్రాసెసర్ ఎంత చవకైనా వదిలెయ్యండి.

కరెంటు బిల్లు

చివరగా, ఎవరూ అడగని ఖర్చు. జంట మెషీన్ ఊరికే కూర్చున్నప్పుడు 150 వాట్లు తింటోందనుకుందాం. ఏడాదంతా ఆపకుండా ఉంచితే 1,314 యూనిట్లు. యూనిట్ 17 సెంట్లయితే సుమారు 223 డాలర్లు. కాలిఫోర్నియాలో లాగా 35 సెంట్లయితే 460 డాలర్లు. రెండేళ్ళలో మెషీన్ ధర కంటే కరెంటు ధర ఎక్కువ కావచ్చు. పూర్తి పనిలో ఉంటే ఇంకా ఎక్కువ. పైగా తిన్న కరెంటంతా వేడిగా గదిలోకే వస్తుంది. చలికాలం మిషిగన్‌లో ఉన్నవారికి సంతోషమే. జులైలో టెక్సాస్‌లో అయితే ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీకి మళ్ళీ కరెంటు. గరాజ్‌లో పెడదామంటే అక్కడి వేడికి ఫ్యాన్లు విమానంలా మోగుతాయి.

వేసవిలో మన గోడ ప్లగ్గు సంగతి కూడా చూసుకోండి. 120 వోల్టులు, 15 ఆంపియర్ల లైను మీద గంటల తరబడి లాగదగింది 1,440 వాట్లే. అదే లైను మీద హీటరో, ఇస్త్రీ పెట్టో ఉంటే బ్రేకర్ పడిపోతుంది. రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టాలనుకునేవారు ఇది ముందే లెక్కేసుకోవాలి.

అందుకే నెలకి పది, ఇరవై గంటలే పని ఉన్నవారు క్లౌడ్‌లో గంటల లెక్కన అద్దెకి తీసుకోవడం నయం. పని అయ్యాక ఆపడం మాత్రం మరవకూడదు. మర్చిపోయి నెలాఖరున బిల్లు చూసి గుండె పట్టుకున్నవాళ్ళు ఉన్నారు, ఖర్చు పరిమితి హెచ్చరిక మొదటిరోజే పెట్టుకోండి. రోజూ గంటల కొద్దీ వాడేవారికి సొంత మెషీన్ గిట్టుతుంది.

మొత్తం వరస ఇదీ. ముందు కొలవండి. మెమరీ చాలకపోతే మెమరీ వేయండి. కోర్లు చాలకపోతే ఒక సాకెట్‌లోనే కొత్త ప్రాసెసర్ చూడండి. ఏఐ అయితే గ్రాఫిక్స్ కార్డు. అప్పుడప్పుడే అయితే అద్దె. ఇవేవీ కుదరక, మెమరీకీ కార్డులకీ నిజంగా చోటే కావాలంటే అప్పుడు పాత జంట, కరెంటు ఖర్చుతో కలిపి లెక్క చూసుకుని.

ఉద్యోగం వెతుక్కుంటున్నవారు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఇంటర్వ్యూలో ఎవరూ మీ ఇంట్లో ఎన్ని కోర్లున్నాయని అడగరు, వాటితో ఏం చేశారని అడుగుతారు. రెండు వందల డాలర్ల పాత ఒంటి ప్రాసెసర్ మెషీన్ మీద నాలుగు వర్చువల్ సర్వర్లు పెట్టి, చెడగొట్టి, మళ్ళీ నిలబెట్టిన అనుభవం దానికి చాలు. మిగిలిన డబ్బు ఇంటి అద్దెకి ఉంటుంది.

మీ ప్రశ్నలుంటే కార్యక్రమానికి పంపండి, వచ్చే ప్రసంగాల్లో జవాబు చెప్పుకుందాం. అందాకా సెలవు. నమస్కారం.